రేవు దాటిన రోజీ: కోనసీమలో మూడు దిక్కుల నౌకరీల తారీఖు

కోనసీమలో మనవాళ్ళ ఇళ్ళల్లో రిష్తా మాట మొదలైతే మొదటి సవాల్ ఒకటే: "లడ్కా ఏం చేస్తాడు?" జవాబు మాత్రం ఊరిని బట్టి మారుతుంది. కొత్తపేట, రావులపాలెం వైపైతే "అరటి గెలల వ్యాపారం", "లారీ ఉంది", "హైవే మీద మెకానిక్ షెడ్డు" అంటారు. అమలాపురంలో అయితే "మెడికల్ షాపులో లెక్కలు చూస్తాడు", "ప్రైవేటు కాలేజీలో చెబుతాడు", "ఆఫీసులో అవుట్‌సోర్సింగ్" అంటారు. రాజోలు, మలికిపురం, నగరం వైపు మాత్రం తరచుగా ఒకే మాట వినిపిస్తుంది: "బాహర్ ఉన్నాడు." బాహర్ అంటే ఎక్కడ అని ఎవరూ అడగరు. కువైట్, లేకపోతే దుబాయ్, మస్కట్, ఖతర్.

అమలాపురం నుంచి కొత్తపేటకైనా రాజోలుకైనా బస్సులో గంట ప్రయాణం. అదే గోదావరి నీళ్ళు, అదే కొబ్బరి చెట్టు, అదే యాస. మరి రోజీ-రోటీ దగ్గరికి వచ్చేసరికి ఇంత ఫరక్ ఎందుకు? అడిగితే పెద్దవాళ్ళు నసీబు అంటారు. కొంచెం కటువుగా మాట్లాడేవాళ్ళు "ఆ వైపు పిల్లలకు మెహనత్ చేతకాదు, ఈ వైపు పిల్లలకు చదువు ఎక్కదు" అని తేల్చేస్తారు. రెండు మాటలతోనూ నాకు పేచీ ఉంది. నసీబు అల్లా చేతిలోది, కాదనను. కానీ వంతెన ఎక్కడ కట్టాలో, ఆఫీసు ఎక్కడ పెట్టాలో, పైపు ఎటు తిప్పాలో నిర్ణయించింది మనుషులే. ఆ నిర్ణయాల తారీఖు చూస్తే ఏ ఊరి లడ్కాకు ఏ నౌకరీ ఎందుకు దక్కిందో చాలావరకు అర్థమవుతుంది.

ముందు భూమి సంగతి. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ అని రెండుగా చీలుతుంది. ఆ రెంటి మధ్య, సముద్రం దాకా ఉన్న నేలే కోనసీమ. కిందికి వచ్చాక వసిష్ఠ నుంచి వైనతేయ అనే మరో పాయ విడిపోతుంది. అంటే కోనసీమ ఒక దీవి కాదు, రెండు. వైనతేయకు తూర్పున అమలాపురం, పడమట రాజోలు. కొత్తపేట పైన, నదులు విడిపోయే మెడ దగ్గర ఉంది. ఈ మూడు చోట్లను మనసులో పెట్టుకోండి: మెడ దగ్గర కొత్తపేట, నడుమ అమలాపురం, కొసన రాజోలు. ఎవరు ఎన్ని రేవులు దాటితే బయటి దునియాలో పడతారు అన్నదే అసలు హిసాబు.

నేను ఉర్దూ మీడియం బడిలో చదివి, డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ణి. అందుకని ఒక మాట వినగానే అది ఎక్కడ నుంచి వచ్చిందో వెతికే ఆదత్ ఉంది. గోదావరి జిల్లాల్లో పని గురించిన మాటలు చూడండి. బస్తా మోసేవాడు హమాలీ. అది అరబీ "హమ్మాల్". లాంచీ నడిపేవాడు సరంగు. అది ఫార్సీ "సర్హంగ్". పడవ మీద, రేవులో పని చేసేవాడు కళాసీ. అది మన "ఖలాసీ". మధ్యవర్తి తీసుకునేది దలాలీ. అది అరబీ "దల్లాల్". రోజుకూలీలో రోజు ఫార్సీది. తహసీల్దారు, కచేరీ, నౌకరీ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఈ మాటలు నవాబుల దర్బారు నుంచి మాత్రమే రాలేదు. ఎక్కువగా రేవుల్లో, ఓడల్లో, బజారుల్లో చెమట పట్టిన మనుషుల నోట వచ్చాయి. పనికోసం నీళ్ళు దాటడం ఈ ప్రాంతానికి ఎంత పాతదో ఈ మాటలే గవాహీ ఇస్తాయి.

గౌతమికి అవతలి ఒడ్డున కోరంగి ఉంది. ఒకప్పుడు ఓడలు కట్టిన ఊరు, పెద్ద రేవు. 1789లో ఒకసారి, 1839లో మరోసారి తుఫాన్లు దాన్ని ముంచాయి. తర్వాత కాకినాడ పైకి వచ్చింది. కానీ బర్మాలో తెలుగువాళ్ళను చాలాకాలం "కోరంగీ" అనే పిలిచారు. రేవు పోయినా రేవు పేరు మనుషులకు అంటుకుపోయింది. పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచి గోదావరి, విశాఖ జిల్లాల కూలీలు ఓడ ఎక్కి రంగూన్‌కు వెళ్ళారు. మన ముసలివాళ్ళ నోట అది "రంగం". ధాన్యం మిల్లులు, ఓడరేవు, రిక్షాలు, పాకీ పని అన్నీ వాళ్ళ చేతుల మీదనే నడిచాయి.

ఆ సఫర్‌ను నడిపినవాడు మేస్త్రీ. ఊళ్ళోకి వచ్చి ముందు కొంత సొమ్ము చేతిలో పెట్టేవాడు. ఓడ టిక్కెట్టు వాడే కొనేవాడు. అక్కడ పని వాడే చూపేవాడు. మజూరీలో ముందు తన బాకీ తాను కోసుకునేవాడు. కూలీ కాళ్ళు రంగూన్‌లో పడేనాటికే నెత్తిన కర్జా ఉండేది. 1930 మే నెలలో రంగూన్ ఓడరేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే, వాళ్ళ బదులు బర్మీయులను పనిలోకి తీసుకున్నారు. సమ్మె తేలి తెలుగువాళ్ళను మళ్ళీ పిలిచేసరికి, చోటు పోయిన బర్మీయులతో గొడవ రేగి అల్లర్లయ్యాయి. ఎందరో తెలుగువాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1937లో బర్మాను ఇండియా నుంచి విడదీశారు. నిన్నటిదాకా ఒకే సర్కారు కింద ఉన్న చోటు ఒక్క రోజులో పరాయి ముల్కు అయింది. 1942లో జపాన్ సైన్యం రంగూన్‌లో దిగాక లక్షల మంది ఇండియావాళ్ళు వెనక్కి పారిపోయి వచ్చారు. చాలామంది అడవుల్లో, కొండల్లో నడిచి వచ్చారు. అందరూ చేరలేదు.

ఈ కథ ఎందుకు చెబుతున్నానంటే, గల్ఫ్ వలస మన కాలంలో కొత్తగా పుట్టిన ఆఫత్ అనుకునేవాళ్ళు ఉన్నారు. కాదు. మేస్త్రీ పోయి ఏజెంటు వచ్చాడు, ఓడ పోయి విమానం వచ్చింది. ముందు కర్జా, తర్వాత మజూరీ అనే పద్ధతి అక్కడే ఉంది.

ఇప్పుడు ఇంటి దగ్గరి పని చూద్దాం. 1830లలో గోదావరి జిల్లా కరువుతో చితికిపోయింది. జనం చనిపోయారు, వలస పోయారు. 1840లలో సర్ హెన్రీ మాంట్‌గొమరీ జిల్లా హాలత్ చూసి నివేదిక రాశాడు. ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852లో పూర్తి చేశాడు. కాలువలు తవ్వారు. తూర్పు దీవికి నీళ్ళు సులువుగానే దిగాయి. పడమటి దీవికి వైనతేయ అడ్డం. ఆ నది మీదుగా కాలువను దాటించడానికి లంకల గన్నవరం దగ్గర 49 ఖానాల అక్విడక్టు కట్టారు. కింద నది, పైన కాలువ. ఆ కాలువ మీద పడవలు కూడా నడిచాయి. దాని పక్కనే 2000లో కట్టిన కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. గన్నవరంలో దారిన పోయే ముసాఫిర్లకు కులం మతం అడక్కుండా అన్నం పెట్టిన తల్లి ఆమె. పేరు సరైన చోటే పెట్టారు. ఎందుకంటే అది ముసాఫిర్ల దారి.

ఆ రోజుల్లో రాజోలు వైపు దీవిని సర్కారు "నగరం తాలూకా" అని పిలిచింది. అంటే పక్క తాలూకా మొత్తానికి ఒకప్పుడు మన నగరం ఊరే పేరు. కానీ కచేరీ ఉన్నది రాజోలులో. తర్వాత తాలూకా పేరూ రాజోలే అయింది. నగరంలో మన జమాత్ ఇళ్ళు తరాలుగా ఉన్నాయి.

అక్విడక్టు రాజోలు దీవికి నీళ్ళు ఇచ్చింది, వరి ఇచ్చింది, కొబ్బరి ఇచ్చింది. రోడ్డు మాత్రం ఇవ్వలేదు. నీళ్ళు వస్తే భూమి ఉన్నవాడికి బరకత్. లేనివాడికి ఆ భూమి మీద కూలీ. నేను ఎరిగిన మన ఇళ్ళల్లో భూమి పట్టాలు ఉన్నవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. దర్జీ మిషను, జట్కా, సైకిల్ షాపు, సంతలో చిన్న దుకాణం, కొబ్బరి బేరం, ఇవే మనవాళ్ళ రోజీ. ఇవన్నీ మనుషుల రాకపోకల మీద బతికే పనులు. దారి పెరిగితే పెరుగుతాయి, దారి ఆగితే ఆగుతాయి. అందుకే దారుల తారీఖు మన తారీఖు కూడా.

కొత్తపేట వైపు దారి ముందు తెరుచుకుంది. మద్రాసు–కలకత్తా జాతీయ రహదారి కోనసీమను తాకేది ఒక్కచోటే, దాని మెడ మీద. జొన్నాడ దగ్గర గౌతమి మీద వంతెన, సిద్ధాంతం దగ్గర వసిష్ఠ మీద వంతెన, మధ్యలో రావులపాలెం. ఆ రెండు వంతెనల మధ్య పడ్డ పల్లె కొన్నేళ్ళలో బస్తీ అయిపోయింది. లంక భూముల అరటి గెలలు రావులపాలెం మార్కెట్‌కు చేరి, లారీ ఎక్కి ఒడిశా, తమిళనాడు దాకా పోతాయి. లారీ ఆగిన చోట పంక్చర్ షాపు, డీజిల్ మెకానిక్, హోటల్, హమాలీ, గుమస్తా, కమీషన్ కొట్టు అన్నీ పుడతాయి. ఇవి పెద్ద సనదులు అడిగే పనులు కావు, హునర్ అడిగే పనులు. పద్నాలుగేళ్ళ పిల్లాడు ఉస్తాద్ దగ్గర చేరి పాతికేళ్ళకు సొంత షెడ్డు పెట్టగలిగాడంటే వాడి మెహనత్ ఉంది, కాదనను. వాడి ఇంటి ముందు నుంచి రోజూ వందల లారీలు పోయాయి, అదీ ఉంది.

అమలాపురానికి లారీ కంటే ముందు కచేరీ వచ్చింది. తాలూకా ఆఫీసు, కోర్టు, సబ్‌రిజిస్ట్రారు, తర్వాత రెవెన్యూ డివిజను. స్వాతంత్ర్యం వచ్చాక కొన్నేళ్ళకే ఎస్‌కేబీఆర్ కాలేజీ. కచేరీ ఉంటే వకీలు ఉంటాడు. వకీలు ఉంటే గుమస్తా, దస్తావేజు రాసేవాడు, టైపిస్టు, జిరాక్సు కొట్టు. కాలేజీ ఉంటే హాస్టలు, పుస్తకాల షాపు, ట్యూషన్లు. ఇక్కడి పని కలం పని. కలం పనికి సనద్ కావాలి. సనద్ ఉన్న ఇంటికి అమలాపురం మెహర్బానీ చూపింది, లేని ఇంటికి ఆఫీసు బయట టీ కొట్టు దక్కింది. అందుకే అమలాపురం మొహల్లాల్లో మనవాళ్ళ మధ్యే రెండు రకాల జీవితాలు కనిపిస్తాయి. ఒక ఇంట్లో టీచరు, పక్కింట్లో తోపుడు బండి. పక్కనే ఉన్న అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు చాలామందికి కూడు పెట్టింది. దింపు, వలుపు, ఎండు కొబ్బరి, పీచు, తాడు. కానీ అక్కడ ధర తేల్చేది ఉత్తరాది కొనుగోలుదారు. కాయ ధర పడితే ముందు ఆగిపోయేది వలుపు కూలీయే.

ఇక రాజోలు. అక్కడి భూమి కింద ఖజానా ఉంది. 1980ల నుంచి ఓఎన్‌జీసీ అక్కడ గ్యాసు, చమురు తీస్తోంది. 2001లో తాటిపాకలో చిన్న రిఫైనరీ పెట్టింది. ఏ తర్కం ప్రకారం చూసినా కోనసీమలో ఎక్కువ నౌకరీలు ఉండాల్సింది ఇక్కడే. కానీ గ్యాసు పనికి మనుషులు ఎక్కువ అక్కర్లేదు. అక్కరైన కొద్దిమందీ ఇంజనీరింగ్ పట్టాలతో దేశం నలుమూలల నుంచి వస్తారు. ఊరివాళ్ళకు మిగిలేది గేటు దగ్గర వాచ్‌మన్, కాంట్రాక్టరు కింద మట్టి పని, క్యాంపులో వంట. పచ్చి నిజం ఏమిటంటే, గ్యాసు పైపులో కూర్చుని రేవు దాటింది. పని కూడా దానితో పాటే దాటింది. దాన్ని మండించి కరెంటు చేసే కార్ఖానాలు ఇంకెక్కడో ఉన్నాయి.

ముప్పు మాత్రం ఇక్కడే ఉండిపోయింది. 1995 జనవరి 8న పాశర్లపూడి బావి బ్లో అవుట్ అయింది. ఆ మంట 65 రోజులు మండింది. చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేశారు. రాత్రిళ్ళు కోనసీమ సగం ఎర్రగా కనిపించేది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గెయిల్ పైపులైను పేలింది. విజయవాడ దగ్గర కొండపల్లిలోని విద్యుత్ కేంద్రానికి గ్యాసు తీసుకుపోయే పైపు అది. నిద్రలో ఉన్నవాళ్ళు, పొద్దున్నే టీ కొట్టు దగ్గరికి వచ్చినవాళ్ళు కాలిపోయారు. 20 మందికి పైగా చనిపోయారు. కొబ్బరి చెట్లు నిలువునా మాడాయి. ఏ కరెంటు కోసం ఆ పైపు వేశారో ఆ కరెంటు కార్ఖానా నౌకరీలు నగరానివి కావు. మంట మాత్రం నగరానిది. ఆ ఊరి ఖబ్రస్తాన్‌కూ శ్మశానానికీ ఈ లెక్క తెలుసు.

పాశర్లపూడి మంట ఆరిన మరుసటి ఏడాది, 1996 నవంబరు 6న, తుఫాను కోనసీమను దున్నేసింది. జిల్లాలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. లక్షల కొబ్బరి చెట్లు కూలాయి. వరి పోతే వచ్చే కారుకు మళ్ళీ వేసుకోవచ్చు. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్ళు. ఆ ఆరేడేళ్ళు దింపు కూలీ ఏం తినాలి? కొబ్బరి బేరగాడు ఏం అమ్మాలి? దర్జీ దగ్గరికి కొత్త బట్ట ఎవరు తెస్తారు? అప్పటికే తెరిచి ఉన్న గల్ఫ్ తలుపు వైపు ఇల్లిల్లూ చూసింది ఆ రోజుల్లోనే.

ఆ తలుపు అంతకు ముందే ఒకసారి గట్టిగా మూసుకుంది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. మనవాళ్ళు అమ్మాన్ దాకా బస్సుల్లో పోయి, అక్కడ నుంచి విమానాల్లో ఇళ్ళకు చేరారు. లక్షా 70 వేల మందికి పైగా ఇండియావాళ్ళను అలా తెచ్చారు. 1942లో రంగూన్ నుంచి వచ్చినట్టే, చాలామంది కట్టుబట్టలతో వచ్చారు. కానీ యుద్ధం ముగిసిన ఏడాదికే తిరిగి వెళ్ళడం మొదలైంది. ఎందుకంటే ఇక్కడ ఏమీ మారలేదు.

ఇంకో సంగతి సాఫ్‌గా చెప్పాలి. గల్ఫ్ అంటే ముస్లింల పని అని బయటివాళ్ళు అనుకుంటారు. కోనసీమలో అది నిజం కాదు. దళితులు, బీసీలు, కాపులు, అందరూ వెళ్ళారు. అందులోనూ ఆడవాళ్ళు ఎక్కువగా వెళ్ళిన ప్రాంతాల్లో కోనసీమ ఒకటి. భర్తలు ఇక్కడ, పిల్లలు నానీ దగ్గర, తల్లి కువైట్‌లో ఎవరింట్లోనో. మన పిల్లలు మద్రసాలో నేర్చిన అరబీ అక్కడ అన్నం అడగడానికి కూడా పూర్తిగా సరిపోదు. అక్కడి మాటలు వేరే నేర్చుకోవాలి. కఫీల్, అకామా, కల్లివల్లి. ఈ మూడు మాటలు రాజోలు సంతలో ఎవరిని అడిగినా చెబుతారు. కఫీల్ అంటే వీసా ఇచ్చిన యజమాని. అకామా అంటే ఉండనిచ్చే కాగితం. కఫీల్‌ను వదిలి కాగితం లేకుండా బయట పని చేసుకునేవాడు కల్లివల్లి. మజ్బూరీలో చాలామంది అందులోకే జారారు.

కువైట్‌లో ఇంటి పని వీసా, కంపెనీ పని వీసా వేర్వేరు. చట్టాలూ వేరు. ఇంటి పనివాళ్ళ కోసం కువైట్ 2015లో విడిగా చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదని, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలని అందులో ఉంది. మన దేశంలో 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ఉంది. పదో తరగతి పాస్ కానివాళ్ళ పాస్‌పోర్టు మీద, గల్ఫ్ దేశాల వంటి చోట్లకు పనికి పోవాలంటే సర్కారు క్లియరెన్సు కావాలనే ముద్ర పడుతుంది. ఇంటి పనికి పోయే ఆడవాళ్ళకు కనీసం 30 ఏళ్ళు నిండాలి. లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోదగ్గ ఫీజు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతే. అంతకు మించి అడిగినవాడు, విజిట్ వీసా మీద పంపి అక్కడ మార్చుకోవచ్చు అని చెప్పేవాడు, 1930 నాటి మేస్త్రీకి తమ్ముడని తెలుసుకోండి.

దీనార్లు రాజోలు వైపు చాలా మార్పు తెచ్చాయి. తాటాకు ఇళ్ళు డాబాలయ్యాయి. కర్జాలు తీరాయి, కూతుళ్ళ నికాహ్‌లు ఇజ్జత్‌గా జరిగాయి. అదంతా హలాల్ మెహనత్ సొమ్ము, దాన్ని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ సొమ్ము ఇటుకల్లోకి, బంగారంలోకి, స్థలాల్లోకి పోయింది. ఊళ్ళో ఇంకో పది మందికి పని పెట్టే కార్ఖానాలోకి పోయింది తక్కువ. ఇల్లు కట్టినన్నాళ్ళు తాపీ మేస్త్రీకి పని, ఇల్లు పూర్తయ్యాక తాళం.

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించి వేల ఎకరాలు బీడు పెట్టారు. పెట్టుబడి పెరిగింది, ధర రాదు, మురుగు కాలువలు పూడిపోయాయి, కూలీలు దొరకరు అన్నారు. సర్కారు మోహన్ కందా కమిటీ వేసింది. అప్పట్లో ఆ ఖబర్లు చదువుతుంటే నాకు అజీబ్‌గా అనిపించిన విషయం ఇదే. ఒక ఒడ్డున రైతు కూలీ దొరకడం లేదంటున్నాడు, అదే ఊళ్ళో కుర్రవాడు పని లేదని పాస్‌పోర్టు కడుతున్నాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఏడాదిలో కొన్ని వారాలు మాత్రమే ఉండే పనిని కుర్రవాడు నౌకరీ అనుకోడు. ఆ కొన్ని వారాలకు కువైట్ మజూరీతో పోటీ పడే కూలీ రైతు ఇవ్వలేడు.

వంతెనల మాటకు వస్తే, 2002లో ఎదుర్లంక–యానాం వంతెన తెరుచుకున్నాక అమలాపురం నుంచి కాకినాడ దగ్గరైంది. దానికి అదే ఏడాది హెలికాప్టరు ప్రమాదంలో పోయిన లోక్‌సభ స్పీకరు జీఎంసీ బాలయోగి గారి పేరు పెట్టారు. రాజోలు వైపు చించినాడ దగ్గర వసిష్ఠ మీద వంతెన పడింది, తర్వాత వైనతేయ మీద పాశర్లపూడి–బోడసకుర్రు వంతెన. సఖినేటిపల్లి నుంచి నరసాపురం పోయే రేవులో మాత్రం వంతెన మాట తరాలుగా మాటగానే నడిచి, పంటే జనాన్ని దాటించింది. రైలు సంగతి ఇంకా పాత దర్ద్. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా 1928లో రైలు వచ్చింది. 1940లో యుద్ధం అవసరాలకని పట్టాలు పీక్కుపోయారు. మళ్ళీ వేసింది 2004లో, అంటే 64 ఏళ్ళకు. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురం లైను 2000–01లో మంజూరైంది. అప్పుడు పుట్టిన పిల్లలు డిగ్రీలు ముగించి బయటి ఊళ్ళకు బస్సుల్లోనే వెళ్ళారు.

వంతెన ఒక్కటే సరిపోదని కూడా ఆ వంతెన పక్కనే చూశాం. యానాంలో రీజెన్సీ సిరామిక్స్ కార్ఖానా చుట్టుపక్కల ఊళ్ళకు పని ఇచ్చింది. 2012 జనవరి 27న అక్కడ కార్మికుల ఆందోళనలో కార్మిక నాయకుడు, కంపెనీ పెద్ద ఒకరు, ఇద్దరూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. కార్ఖానా మూతపడింది. ఒకే కార్ఖానా మీద ఆధారపడ్డ ఇళ్ళు ఒకే రోజులో ఖాళీ చేతులతో నిలబడ్డాయి.

2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా అయింది. కలెక్టరేటు అమలాపురానికి వచ్చింది. కచేరీ ఉన్న చోటికే ఇంకా పెద్ద కచేరీ. మే 24న జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో మంటలు రేగాయి, ఇంటర్నెట్ ఆపేశారు. కరోనా తర్వాత ఇంటి నుంచే హైదరాబాదు, బెంగళూరు కంపెనీలకు పని చేస్తున్న పిల్లలు లాప్‌టాప్‌లు పట్టుకుని గోదావరి గట్లకు పోయారు, అవతలి ఒడ్డు సిగ్నల్ కోసం. ఆ ఫోటోలు చూసినప్పుడు రంగం ఓడ గుర్తొచ్చింది. ఇంజనీరు అయినా సరే, రోజీ కోసం కోనసీమవాడు మళ్ళీ రేవు దగ్గరే నిలబడ్డాడు.

ఈ మొత్తం తారీఖును చిన్న ఉదాహరణలో చూపించమంటే రెండు మిఠాయిలు చూపిస్తాను. కొత్తపేట వైపు ఆత్రేయపురంలో పూతరేకులు. రాజోలు వైపు నగరంలో గరాజీలు. రెండూ బియ్యంతో చేసేవి. రెండూ ఆడవాళ్ళ చేతి హునర్. కుండ మీద పల్చటి రేకు తీయడానికి ఎంత నేర్పు కావాలో, పిండిని వలలా అల్లి గరాజీ తీయడానికీ అంతే నేర్పు కావాలి. గరాజీలు మన ముస్లిం ఇళ్ళల్లో తల్లి నుంచి కూతురికి వచ్చిన పని. పూతరేకులు హైవే ఎక్కాయి, రాజమండ్రి స్టేషను చేరాయి, అమెరికా పార్సిళ్ళలో కూర్చున్నాయి. 2023లో వాటికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. గరాజీలు ఇప్పటికీ ఎక్కువగా నగరం వెళ్ళిన చుట్టం సంచీలోనే ప్రయాణం చేస్తాయి. రుచిలో ఫరక్ లేదు. మెహనత్‌లో ఫరక్ లేదు. ఫరక్ దారిలో ఉంది, పేరు నమోదు చేయించిన కాగితంలో ఉంది, పది ఇళ్ళు కలిసి ఒక డబ్బా మీద ఒక పేరు వేసుకోవడంలో ఉంది.

దారి మన చేతిలో లేదు. కాగితం, కలిసి నిలబడటం మన చేతిలో ఉన్నాయి. ఆత్రేయపురం పిల్ల, నగరం పిల్ల ఇద్దరిలో ఎవరూ తక్కువ కాదు కాబట్టి, నగరం పిల్లకు రేపు ఖద్దామా వీసా ఒక్కటే దారి అని ముందే నిర్ణయించే హక్కు మనకు లేదు. 2007లో మన రాష్ట్రం కొన్ని ముస్లిం వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషను ఇచ్చింది. అందులో మీ బిరాదరీ ఉందో లేదో, పిల్లల సర్టిఫికెట్టు తీశారో లేదో ఈ నెలలోనే చూసుకోండి. కలెక్టరేటు ఇప్పుడు కాకినాడలో లేదు, గంట దూరంలో ఉంది. జమాత్ పెద్దలు రంజాన్ చందాలో కొంత తీసి ఐటీఐ, పాలిటెక్నిక్ ఫీజులకు పెట్టాలనుకుంటే ఎవరినీ అడగాల్సిన పని లేదు. వెల్డింగ్, ఎలక్ట్రికల్ సనద్ ఉన్న పిల్లాడు తాటిపాక గేటు ముందు కూడా మట్టి తట్ట కాకుండా వేరే పని అడగగలడు.

వెళ్ళేవాళ్ళు వెళ్తారు. రంగం వెళ్ళినవాళ్ళ మనవళ్ళం మనం, సఫర్ మన రక్తంలో ఉంది. కానీ పాస్‌పోర్టు కట్టే ముందు పిల్లతోనైనా పిల్లాడితోనైనా ఓపెన్ స్కూల్లో అయినా సరే పదో తరగతి పాస్ చేయించండి. ఆ ఒక్క కాగితం ఉంటే పాస్‌పోర్టు మీద ముద్ర మారుతుంది, వెతుక్కోదగ్గ పనుల జాబితా మారుతుంది. ఏజెంటు ఎదుట కూర్చున్నప్పుడు పట్టించుకోవాల్సిన కాగితం చదివి, సంతకం పెట్టాలో లేదో తేల్చుకునే తాకత్ వస్తుంది. మేస్త్రీ దగ్గర బొటనవేలు ముద్ర వేసిన మన దాదాలకు ఆ తాకత్ ఎవరూ ఇవ్వలేదు.